గుట్టదారిలో ఋతువులు, చరిత్ర

వరంగల్లు వారికి కొండ ఎక్కడో దూరాన ఉండే వస్తువు కాదు. అది ఊరి పేరులోనే ఉన్నది. హనుమకొండ అన్నప్పుడు కొండ వినబడుతూనే ఉన్నది. శాసనాలలో దీనికి అనుమకొండ అని రూపం. ఓరుగల్లు అన్న మాటలో కల్లు ఉన్నది. చదువరులు నవ్వకండి, ఇది ఈతచెట్టు కల్లు కాదు, రాయి అనే అర్థంలో పాత తెలుగు మాట. ఒంటిరాయి చుట్టూ వెలసిన ఊరు గనుక ఓరుగల్లు. దానినే సంస్కృతంలోకి మార్చి ఏకశిలానగరమన్నారు.

ఇన్ని రాళ్ళ నడుమ బ్రతుకుతూ కూడా మనం చరిత్రను గుళ్ళలోను, కోటలోను వెదుకుతామే గాని గుట్టదారిలో వెదకము. ఉద్యోగ విరమణ తరువాత దొరికిన తీరికలో నేను రెండు గుట్టలను వేర్వేరు ఋతువులలో మళ్ళీ మళ్ళీ ఎక్కుతూ వచ్చాను. ఒకటి హనుమకొండలోని పద్మాక్షి గుట్ట. రెండవది రేగొండ మండలంలోని పాండవుల గుట్ట. 2016 జిల్లాల పునర్విభజనలో ఈ రెండవది జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరింది గాని, మా తరం వారి నోట అది ఇంకా వరంగల్లు గుట్టే. ఋతువును బట్టి గుట్ట ఒక్కొక్క సంగతి చెబుతుందన్నదే ఈ వ్యాస విషయం.

ముందుగా రాతి సంగతి. పద్మాక్షి గుట్టది గ్రానైటు. నీటిని పీల్చుకోదు. వానాకాలంలో దానిమీద సన్నని పాకుడు పట్టి కాలు నిలవదు. వైశాఖంలో మధ్యాహ్నం వేళ అదే బండ పెనంలా కాలుతుంది. పాండవుల గుట్టది ఇసుకరాయి. హిమాలయాలకన్న ఎంతో ముందే ఏర్పడిన రాయి. పొరలు పొరలుగా ఉండి, గాలికీ నీటికీ అరిగి, కింద గూడులాగా తొలుచుకొని పోతుంది. పైన చూరులాగా బండ మిగులుతుంది. ఆ చూరు కిందనే మన పూర్వులు తలదాచుకున్నారు, బొమ్మలు గీశారు. గ్రానైటు మీద చెక్కవలసి వచ్చింది, ఇసుకరాతి గూళ్ళలో రంగు పూస్తే చాలింది. రెండు గుట్టల చరిత్రలోని తేడాకు మొదటి కారణం రాయే.

ఇక పద్మాక్షి గుట్ట. దీనిమీద 1117 నాటి శాసనమున్నది. కాకతి రెండవ ప్రోలరాజు మంత్రి బేతన పెర్గడ భార్య మైలమ ఈ గుట్టమీద కడలాలయ బసది అనే జైనాలయం కట్టించి, దానికి భూమి దానమిచ్చినట్లు అది చెబుతున్నది. ఉగ్రవాడిని ఏలిన మేళరసు కూడ దానమిచ్చాడు. ఓరుగల్లు కోట రాజధానిగా వెలుగొందక ముందు, 1163 నాటి వేయిస్తంభాల గుడికి 46 ఏండ్ల ముందు మాట ఇది. గుట్టమీద తీర్థంకరుల శిల్పాలు నేటికీ కనబడతాయి.

జైనులు గుట్టనే ఎందుకు ఎన్నుకున్నారు? ఏకాంతం కోసమని సాధారణంగా చెబుతారు. అది నిజమే గాని, శ్రావణంలో ఒకసారి ఆ మెట్లెక్కి చూడండి. కింద నేలంతా బురద. అడుగు తీసి అడుగు వేస్తే చీమలు, ఎర్రలు, ఆరుద్ర పురుగులు. జైన సన్యాసులకు ఆషాఢం నుండి కార్తీకం వరకు చాతుర్మాస్యం. వానలకు పుట్టే చిన్న ప్రాణులు కాలికింద నలుగుతాయని ఆ నాలుగు నెలలు సంచారం మాని ఒకచోట ఉండిపోతారు. అలా ఉండడానికి నీరు నిలవని చోటు, పైన కప్పు, భిక్షకు దగ్గరగా ఊరు కావాలి. పద్మాక్షి గుట్ట ఈ మూటికీ సరిపోయింది. ఈ మాట శాసనంలో లేదు. ఇది నా అనుమానం. తర్కశాస్త్రంలో అనుమానమంటే సందేహం కాదు గదా. కొండమీద పొగను చూచి నిప్పున్నదని తెలుసుకోవడం. ఆ పొగ నాకు వానాకాలంలోనే కనబడింది.

శరత్తులో ఇదే గుట్ట వేరు. వానలు వెనుకబట్టి, తంగేడు, గునుగు పూచి, మహాలయ అమావాస్య నుండి తొమ్మిది నాళ్ళు బతుకమ్మ. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దిగువన గుండం ఒడ్డున ఇసుక వేస్తే రాలనంత జనం. ఆడపడుచులు బతుకమ్మలను నెత్తిన పెట్టుకొని వచ్చి, ఆడి, పాడి, నీటిలో విడుస్తారు. వారు మొక్కే అమ్మవారి గుట్టమీద తొమ్మిది వందల ఏండ్ల క్రితం గుడి కట్టించి పేరు నిలుపుకొన్నది కూడ ఒక స్త్రీయే. బడిలో కాకతీయుల పాఠం చెప్పినంత కాలం రుద్రమదేవి పేరు అడిగితే చేతులన్నీ లేచేవి. మైలమ పేరు అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. పిల్లల తప్పేమున్నది? మన పాఠ్యపుస్తకాలకు సింహాసనం ఎక్కినవారే కనబడతారు, గుట్ట ఎక్కినవారు కనబడరు.

హేమంతంలో హనుమకొండ గుట్టలకు మరొక చరిత్ర ఉన్నది. మాలిక్ కాఫూర్ సేన 1309 అక్టోబరులో, వానలు వెనుకబడిన తరువాత, ఢిల్లీ నుండి కదిలి 1310 జనవరిలో ఓరుగల్లు చేరింది. కోటను చుట్టుముట్టక ముందు వేయిమందిని పంపి హనుమకొండ గుట్టను పట్టించిన సంగతి అమీర్ ఖుస్రో వ్రాశాడు. అక్కడినుండి ఓరుగల్లు మేడలు, తోటలు కంటికి ఆనుతాయి. ఇప్పుడు మేడలు అడ్డం వచ్చాయి గాని, మంచు విడిచిన జనవరి పూట గుట్టమీద నిలబడితే ఆ సేనాని ఆలోచన మనకు తెలుస్తుంది. శత్రువుకు కూడ మన గుట్ట విలువ తెలిసింది.

పాండవుల గుట్టకు శిశిరంలోనే వెళ్ళాలని నా సలహా. వానాకాలంలో ఆకు కమ్మి దారే కనబడదు, ఇసుకరాయి జారుతుంది. మాఘ ఫాల్గుణాలలో టేకు ఆకు రాల్చి, మోదుగ పూచినప్పుడు రాతిగూళ్ళు దూరానికే కనబడతాయి. 1990లో వెలుగులోకి వచ్చిన ఇక్కడి చిత్రాలు మధ్య శిలాయుగం నుండి మధ్యయుగాల వరకు వేర్వేరు కాలాలవని పండితులు నిర్ణయించారు. ఎరుపు, పసుపు, తెలుపు, ఆకుపచ్చ రంగులు. అడవిదున్న, జింక, పులి, విల్లంబులు. వేటగానికి ఎండకాలం అనుకూలమైనది. ఎక్కడి నీరు అక్కడ ఇంకిపోయి, జంతువులన్నీ మిగిలిన నీటి చెలమలకే రావాలి. ఆ బొమ్మలను ఎండకాలపు అడవిలో నిలబడి చూస్తే అవి అలంకారాలుగా తోచవు, ఆకలిగా తోస్తాయి.

తెలుగు పండితునికి అక్కడ బొమ్మలతో సమానంగా పేర్లు కూడ ముచ్చట గొలుపుతాయి. ఎదురు పాండవులు, గొంతెమ్మ గుహ, మేకలబండ, తుపాకులగుండు. గొంతెమ్మ అంటే కుంతీదేవి. గొంతెమ్మ కోరికలు అని మనం రోజూ అనే మాటలోని గొంతెమ్మే. తుపాకి అన్నది తురుష్క భాషనుండి వచ్చిన మాట. ఆ ఆయుధం దక్కనుకు కాకతీయుల తరువాతనే వచ్చింది గనుక ఆ పేరు అంతకు ముందుది కాజాలదు. కాబట్టి ఇసుకరాతిలో పొరలున్నట్లే పేర్లలోనూ పొరలున్నవి. బొమ్మలు పాండవులు గీయలేదని చెప్పి నవ్వేవారు ఉన్నారు. నేను నవ్వను. గీసినదెవరో మరచిన జనం, తమకు తెలిసినవారిలో అడవులు పట్టి తిరిగినవారెవరా అని ఆలోచించి పాండవులకు ఆ గుట్టను ఇచ్చారు. అదీ ఒక చరిత్రే, కాకపోతే బొమ్మల చరిత్ర కాదు, జనం మనసు చరిత్ర.

ఇటీవలి సంవత్సరాలలో అటవీశాఖ అక్కడ బండలెక్కే క్రీడను ప్రోత్సహించడంతో యువకులు వస్తున్నారు. సంతోషమే. కాని రంగు తేటగా కనబడాలని రాతిచిత్రం మీద నీళ్ళు చల్లకండి, వేలితో తడమకండి, పక్కన మీ పేరు వ్రాయకండి. వేల వానలను తట్టుకొన్న రంగు మన చెమట చేతిని తట్టుకోలేదు.

మరొక్క విన్నపం. ఫోటోలు అందరూ తీస్తున్నారు, పేర్లు ఎవరూ వ్రాసుకోవడం లేదు. వెళ్ళేటప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో మేకలు కాచిన పెద్దమనిషి నొకరిని వెంట తీసుకొనిపొండి. తాతా, ఈ గుండును ఏమంటారు, ఈ దోనెను ఏమంటారు అని అడగండి. ఆయన చెప్పినది చెప్పినట్లుగా, దిద్దకుండా, తెలుగులోనే వ్రాసుకోండి. చిత్రాలకు కాపలా పెట్టవచ్చును. ఆ పేర్లు మాత్రం ఆయనతోనే పోతాయి.