అమాన్సియో ఒర్టెగా: అమ్మకి అరువు ఇవ్వనన్నారని చదువు మానేశారు.. 'జారా' ఓనర్ కథ ఇదీ!

మాల్‌కి వెళ్తే జారా బోర్డు కనిపిస్తుంది. దాని ఓనర్ ఎవరంటే మాత్రం చాలామందికి తెలియదు. ఆయనకీ అదే ఇష్టం! స్పెయిన్‌కు చెందిన అమాన్సియో ఒర్టెగా ఫొటో 1999 వరకు సరిగా బయటకే రాలేదు.

1936 మార్చి 28న లియోన్ ప్రాంతంలోని బుస్‌డోంగోలో పుట్టారు. తండ్రి రైల్వే కార్మికుడు. తర్వాత కుటుంబం లా కొరూనాకు మారింది. ఓ రోజు స్కూల్ అయ్యాక అమ్మతో కలిసి కిరాణా కొట్టుకు వెళ్లారు. ఇక అరువు ఇవ్వలేనని కొట్టువాడు అమ్మకి చెప్పేశాడు. ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. చదువు మానేసి 'గాలా' అనే చొక్కాల షాపులో పనికి చేరారు. ఈ సంగతి తన జీవిత చరిత్ర రాసిన కొవాడోంగా ఓషియాకు ఆయనే చెప్పారు.

1963లో సొంతంగా బాత్‌రోబ్‌లు కుట్టడం మొదలైంది. కంపెనీ పేరు గోవా. మన గోవా కాదండోయ్.. తన ఇనీషియల్స్ ఏ, ఓ, జీని తిరగేశారంతే! మొదటి భార్య రోసాలియా మేరా ఈ ప్రయాణంలో ఆయనతో సమానంగా పనిచేశారు.

1975లో లా కొరూనాలో తొలి షాపు తెరిచారు. ముందు 'జోర్బా' అని పేరు పెడదామనుకున్నారు. దగ్గర్లోని బార్‌కి అదే పేరు ఉండటంతో అక్షరాలు మార్చి జారా చేశారు.

అసలు కిటుకు స్పీడ్‌లో ఉంది. ఒక్కో డిజైన్ కొద్దిగానే కుట్టించడం, షాపులకు వారానికి రెండుసార్లు కొత్త సరుకు పంపడం, ఏది అమ్ముడైందో చూసి మళ్లీ కుట్టించడం. చాలా సరుకు స్పెయిన్, పోర్చుగల్, మొరాకో, టర్కీల్లోనే తయారవుతుంది. యాడ్స్ ఖర్చు చాలా తక్కువ. 1988లో పోర్చుగల్‌లోని పోర్టోతో విదేశాల్లో అడుగుపెట్టిన జారా, 2010లో టాటాల ట్రెంట్‌తో కలిసి మన దేశానికొచ్చింది. మాతృసంస్థ ఇండిటెక్స్ 2001లో షేర్ మార్కెట్‌కి వెళ్లింది. 2015లో ఒర్టెగా కాసేపు బిల్ గేట్స్‌నే దాటేశారు.

మరో కోణమూ ఉంది. 2011లో బ్రెజిల్‌లో జారా దుస్తులు కుట్టే సబ్ కాంట్రాక్టర్ల దగ్గర కార్మికుల దయనీయ పరిస్థితిని అక్కడి అధికారులు బయటపెట్టారు. 2017లో క్యాన్సర్ వైద్య పరికరాల కోసం స్పెయిన్ ప్రభుత్వ ఆసుపత్రులకు ఒర్టెగా ఫౌండేషన్ 32 కోట్ల యూరోలు ఇచ్చింది. దాతృత్వం కాదు, పన్నులు సరిగా కట్టాలన్న విమర్శ అక్కడే వచ్చింది.

ఒర్టెగా 2011లో ఛైర్మన్ పదవి వదిలేశారు. 2022 ఏప్రిల్ నుంచి ఆ కుర్చీలో కూతురు మార్తా ఉన్నారు.