అశ్వలేఖ్యము: డాగు, చెహరా, ఆసామి

గాజులరామారమునకుఁ దూర్పున నున్న బొల్లారము హైదరాబాదు కాంటింజెంటు సేనకు ముఖ్యస్థానముగా నుండెను. నిజాము వ్యయముతో, ఆంగ్లేయాధికారుల యాజ్ఞలో నడచిన యీ సేన 1903లో భారతసైన్యమునఁ గలిసిపోయినది. అందలి యాశ్వికదళములలో గుఱ్ఱము ప్రభుత్వముది గాదు. కావున గుఱ్ఱ మెవ్వరిది, నాఁడు చూపినదియు నేఁడు చూపుచున్నదియు నొక్కటియేనా యను ప్రశ్నములు తప్పవు. వీనికి సమాధానము లేఖ్యమే.

ఈ పద్ధతి ప్రాచీనము. కౌటిలీయార్థశాస్త్రమున అశ్వాధ్యక్షుఁడు క్రయమున వచ్చినవి, యుద్ధమున లభించినవి, శాలలోఁ బుట్టినవి, కుదువ నుంచఁబడినవి మున్నగు భేదములు తెలిసి, ప్రతి గుఱ్ఱమునకును కులము, వయస్సు, వర్ణము, చిహ్నము, వర్గము, ఆగమము అను నాఱింటిని వ్రాయింపవలెనని విధింపఁబడినది. ఇందు ఆగమ మనఁగా వచ్చిన తెరువు. వ్యవహారశాస్త్రమున నీ శబ్దమే స్వత్వమూలమును దెలుపును. రూపముతోఁబాటు వచ్చిన తెరువునుగూడ వ్రాయించుటయే యీ విధియందలి విశేషము.

అయినను వర్ణచిహ్నములు రెండు గుఱ్ఱములకు సమానముగా నుండవచ్చును. ఒకే గుఱ్ఱమును రెండుమాఱులు చూపి జీతము గొను మోసమును మాన్పుటకై అల్లాఉద్దీన్ ఖిల్జీ (1296–1316) వాతముద్రను విధించెను. అక్బరు 1573–74 ప్రాంతమున దానిని మరల నెలకొల్పెను. ముద్రకు డాగనియు, ఆనవాళ్ల పట్టీకిఁ జెహరా యనియుఁ బేరు. విజయనగరమునను ముద్ర గలదు. అచ్యుతదేవరాయల కాలమునాఁటి పోర్చుగీసు వర్తకుఁడు నూనిజ్ వ్రాసిన దానినిబట్టి, గుఱ్ఱము చచ్చినచో ముద్రగల చర్మఖండమును గోసి అశ్వాధ్యక్షునకుఁ జూపినఁగాని మఱియొక గుఱ్ఱము లభింపదు.

షాజహాను, ఔరంగజేబుల కాలపు దక్కను చెహరాలు నేఁటికిని హైదరాబాదునందలి రాష్ట్ర పురాలేఖనాగారమున భద్రముగా నున్నవి. వానియందు రౌతు పేరు, తండ్రి పేరు, ముఖచిహ్నములు, పిదప గుఱ్ఱపు వర్ణము, ఆనవాళ్లు గానవచ్చును. మనుజుఁడును దురగమును నొకే పత్రమున బంధింపఁబడిరి. ఒకటి తప్పినచో రెండవదానికి జీతము లేదు.

కాంటింజెంటు దళములలో నీ బంధ మింకొక రూపు దాల్చెను. స్వంతగుఱ్ఱముతోఁ గొలువు చేయువాఁడు సిలేదారు. పరుని గుఱ్ఱ మెక్కువాఁడు బారుగీరు. గుఱ్ఱముతోఁగూడిన కొలువుహక్కునకు అసామి యని పేరు. అది క్రయవిక్రయములకుఁ బాత్రమైన యాస్తి. కనుక యుద్ధమునకుఁ బోవువాఁ డొకఁడు, ఫల మనుభవించువాఁ డొకఁడు గావచ్చును. బారుగీరుకుఁ బ్రాణభయమేగాని స్వామిత్వము లేదు. మోసమును మాన్పఁబుట్టిన లేఖ్యమే తుదకుఁ గలవానికి రక్షయై, లేనివానిని వేఱుచేసెను.

ఈ చరిత్రమునకు మన భాషయే సాక్షి. డాగు నేఁడు మరక. అసామి యరబ్బీయమున ‘పేరులు’ అను నర్థము గల బహువచనము. లెక్కపుస్తకములలోని పేరే క్రమముగాఁ దెలుఁగున ‘ఆసామి’ యై, మనుష్యునకును, సొత్తుగలవానికిని వాచకమైనది. పట్టీలోఁ బేరున్నవాఁడే స్వామి యను రాజకీయవ్యవస్థ యీ యొక్క శబ్దమున నిలిచియున్నది.