నాణెం చెప్పని చరిత్ర

పొపయాన్ టంకసాల బంగారు ఎస్కూడోకు సేకర్తలు ముద్ర, సంవత్సరం, రాజు బొమ్మ చూసి వెల కడతారు. చోకో ఏటి ఇసుకలో ఆ బంగారం కడిగిన ఆఫ్రికన్ బానిసల ఊసుండదు.

వెండి కథా అంతే. 1545లో పొతోసీ గని బయటపడింది. 1570ల నుంచి ఆండీస్ ఆదివాసీ గ్రామాలు వంతులవారీగా అక్కడికి మనుషులను పంపాలని స్పెయిన్ ప్రభుత్వం శాసించింది. దాని పేరు ‘మిత’. కొద్దిపాటి కూలి ఇచ్చినా అది వెట్టే. స్పానిష్ అమెరికా వెండిలో కొంత 17వ శతాబ్దంలో డచ్చి, ఇంగ్లీషు ఓడల్లో మచిలీపట్నం చేరి, మన నేతగాళ్ల బట్టలకు మారకమైంది.

హాలీ సిక్కా చెల్లిన మధిర ప్రాంతానికి వెట్టి అంటే ఏమిటో వివరించనక్కరలేదు. 1946–51 తెలంగాణా రైతాంగ పోరాటం భూమి కోసమూ, వెట్టి రద్దు కోసమూ సాగింది.

నాణేలు సేకరించడం తప్పుకాదు. రాజు పేరు పక్కన గని పేరు, అందులో శ్రమించినవారి స్థితి కూడా నమోదు చేయాలి. అప్పుడే సేకరణ చరిత్ర అవుతుంది.