బందరు అద్దకం: గోడకూ మంచానికీ గుడారానికీ ఒకే గుడ్డ

ఇంటి అలంకరణకు వాడే వస్తువుల్లో తరాలు మారినా మూలన పడనివి చాలా కొద్ది, వాటిలోనూ ఒకే పనికి కట్టుబడి ఉండనివి మరీ అరుదు. కృష్ణా డెల్టా తీరంలోని మచిలీపట్నంలో, అంటే వాడుకలో బందరు అని పిలిచే రేవుపట్నంలో, తయారైన అద్దకపు బట్టలు అటువంటి అరుదైన కోవకు చెందుతాయి. గోల్కొండ దర్బారులో తెరగా, మొగలు చక్రవర్తి గుడారానికి లోపలి గోడగా, ఇరాన్‌లో నమాజు వస్త్రంగా, లండన్ ఇళ్లలో మంచపు తెరగా, ఇండోనేషియా దీవుల్లో వంశపారంపర్యంగా దాచుకునే సొత్తుగా అవి చెలామణి అయ్యాయి. ఇన్ని దేశాల్లో ఇన్ని అవసరాలకు ఈ బట్టలు పనికిరావడానికి ప్రధానంగా రెండు గుణాలు తోడ్పడ్డాయి: ఉతికినా వదలకుండా నూలుపోగులోకి ఇంకిపోయిన రంగు మొదటిది కాగా, ఫలానా పనికే అని కత్తిరించి కుట్టకుండా నిండు గుడ్డగానే అమ్మకానికి పంపే పద్ధతి రెండవది.

మొదటి గుణం వెనుక సుదీర్ఘమైన పనివరస ఉంది. మగ్గం మీంచి దిగిన ముతక తెలుపు బట్టను పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరబెట్టి గంజినీ జిడ్డునూ పోగొట్టిన తరువాత, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచుతారు. కరక్కాయలోని వగరు పదార్థం రంగును పట్టి ఉంచుతుంది, పాలలోని కొవ్వు గీత పక్కకు పాకకుండా ఆపుతుంది. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో కొన్నాళ్లు పులియబెట్టి తీసిన ద్రవం కరక్కాయ పట్టిన బట్టను తాకగానే నల్లబడుతుంది కనుక రూపురేఖలన్నీ ముందుగా దానితోనే గీస్తారు. ఎరుపు రావలసిన చోట మాత్రం రంగు పూయరు, పటిక కలిపిన నీటిని పూస్తారు. ఆ తరువాత చిరివేరు వేసిన నీటిలో బట్టను ఉడికిస్తే గుడ్డంతా ఎర్రబారుతుంది గాని, పటిక తగిలిన చోట తప్ప మిగిలిన చోట్ల ఆ ఎరుపు నిలవదు. మళ్లీ పేడనీళ్లలో నానబెట్టి, పారే నీటిలో జాడించి, ఎండకు పరిచే కొద్దీ గుడ్డ నేల తెల్లబడి పువ్వు మాత్రం ఎర్రగా మిగులుతుంది. పటిక పాళ్లు పెంచినా తగ్గించినా, అందులో కొంచెం ఇనుపనీరు కలిపినా ఒకే వేరు నుంచి ముదురెరుపు, గులాబి, ఊదా ఛాయలు వస్తాయి. నీలం కావలసిన భాగాన్ని వదిలి మిగిలిన గుడ్డకు మైనం పట్టించి నీలిమందు తొట్టిలో ముంచడం, ఆ నీలం మీద పసుపు రంగు పూసి ఆకుపచ్చను సాధించడం చివరి దశలు.

చిరివేరు అనేది తీరప్రాంతపు ఇసుకనేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు. దాని పైపొరలో రంగు పదార్థం ఉంటుంది. గవ్వలూ నత్తగుల్లలూ కలిసిన నేలలోని సున్నం ఆ ఎరుపుకు మరింత కాంతినిస్తుంది కనుక నిజాంపట్నం ప్రాంతపు వేరుకు పదిహేడవ శతాబ్దంలో ప్రత్యేకమైన పేరుండేది. ఆ శతాబ్దపు తొలి దశకాలలో మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగిగా ఉన్న విలియం మెత్‌వల్డ్ గోల్కొండ రాజ్యం గురించి రాసిన వృత్తాంతంలో ఈ వేరును ప్రస్తావించాడు. పత్తి, నేల, పారే నీరు, ఎండ, రేవు ఒకే చోట కుదరడం వల్లనే అద్దకం ఈ తీరంలో ఇంతగా స్థిరపడింది.

కుతుబ్‌షాహీల పాలనలో (1518–1687) మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి ప్రధానమైన రేవు కాగా, దర్బారులోనూ వర్తకంలోనూ పారశీకుల ప్రాబల్యం ఎక్కువగా ఉండేది. కలంతో చేసే పని అనే అర్థంలో కలంకారీ అన్న పారశీక పదం ఈ బట్టలకు స్థిరపడింది ఆ సంపర్కం వల్లనే. నాటి మేలిరకం బట్టలలో పూలతీగలతో పాటు వేర్వేరు దేశాల మనుషులు, వారి వేషాలు, మండపాలు, విందులు కనిపిస్తాయి; 1610–40 మధ్య తయారైనదిగా భావించే ఏడు పలకల పెద్ద తెర ప్రస్తుతం న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియంలో ఉంది. ఔరంగజేబు కాశ్మీరు యాత్రలో వెంట నడిచిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే, చక్రవర్తి డేరాలకు బయట ఎర్రని గుడ్డ ఉండగా లోపలివైపు మచిలీపట్నంలో ప్రత్యేకంగా చేయించిన పూలచిత్రాల బట్టలు అమర్చారని రాశాడు. మజిలీ మారినప్పుడల్లా విప్పి, మడిచి, మోసుకుపోయి మళ్లీ కట్టదగిన గోడ అది. సున్నపు గోడ మీది చిత్రానికి ఈ సౌలభ్యం ఎన్నటికీ ఉండదు.

డచ్చివారు 1605–06లోనూ, ఇంగ్లీషువారు 1611లోనూ మచిలీపట్నంలో వర్తకం ప్రారంభించినప్పుడు వారి దృష్టి యూరప్ ఇళ్ల మీద లేదు. ఆగ్నేయాసియా దీవుల్లో సుగంధద్రవ్యాలు కొనాలంటే వెండి కంటే ఈ తీరపు, అంటే కోరమాండల్, బట్టలే ఎక్కువగా అక్కరకు వచ్చేవి కనుక, వారు వాటిని మారకపు సరుకుగా కొన్నారు. సులవేసిలోని తొరాజా ప్రజలు ఇటువంటి భారతీయ వస్త్రాలను పవిత్రమైనవిగా ఎంచి, కర్మకాండలప్పుడు మాత్రమే బయటికి తీసి వేలాడదీసే ఆచారాన్ని పాటించారు. తయారైన తీరంలో తేమకూ పురుగుకూ నశించిపోయిన పాత నమూనాలు కొన్ని ఆ దీవుల ఇళ్లలో భద్రంగా మిగిలాయి.

యూరప్‌లో ఆదరణ పెరిగాక నమూనాలు మారాయి. ముదురెరుపు నేల ఇంగ్లండులో అంతగా నచ్చడం లేదని, తెల్లని నేల మీద రంగురంగుల కొమ్మలూ పూలూ ఉన్న దుప్పట్లు కావాలని కంపెనీ అధికారులు 1643లో భారతదేశంలోని తమ ఉద్యోగులకు రాశారు. క్రమంగా పలంగ్‌పోష్ అనే మంచపు దుప్పటి ఒక స్థిరమైన రూపం సంతరించుకుంది: రాళ్లగుట్ట మీంచి లేచి, మెలికలు తిరుగుతూ గుడ్డంతా పరుచుకునే పూలచెట్టు, చుట్టూ అంచు. ఆ చెట్టులో పారశీక, చైనా, యూరప్ నమూనాల జాడలు కలిసి ఉంటాయి. నమూనా కాగితం మీద గీతల వెంబడి సూదితో బెజ్జాలు పొడిచి, దాన్ని గుడ్డ మీద పరిచి బొగ్గుపొడి మూటతో అద్దితే చుక్కల గీత దిగుతుంది; అదే కాగితాన్ని తిరగేస్తే అంచుకు రెండో సగం కూడా సిద్ధమవుతుంది. ఈ గుడ్డ పడకకు దుప్పటిగా, గోడకు తెరగా, కత్తిరిస్తే గౌనుగా కూడా పనికొచ్చింది. లండన్ నౌకాదళ కార్యాలయంలో ఉద్యోగి అయిన శామ్యూల్ పీప్స్ తన భార్య చదువుకునే గది గోడలకు 1663లో ఇటువంటి భారతీయ చిత్రిత వస్త్రాన్నే కొన్నట్టు దినచర్యలో రాసుకున్నాడు.

ఆదరణ ఎక్కువయ్యే కొద్దీ అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ల వ్యతిరేకత కూడా పెరిగింది. ఫ్రాన్సు 1686లో ఈ బట్టలను నిషేధించగా, ఇంగ్లండు 1700లో దిగుమతి చేసుకున్న అద్దకపు బట్టల వాడకాన్ని అడ్డుకొని, 1721 నాటి చట్టంతో ఒంటి మీది దుస్తులకే కాక ఇంటి సామగ్రికి కూడా నిషేధాన్ని విస్తరించింది. చట్టం పడకగది దాకా వచ్చిందనడానికి ప్రసిద్ధ నటుడు డేవిడ్ గారిక్ ఉదంతం సాక్ష్యం. 1775 ప్రాంతంలో ఆయన భార్యకు కలకత్తా నుంచి బహుమతిగా వచ్చిన కోరమాండల్ మంచపు తెరలను సుంకాధికారులు పట్టుకోగా, విడిపించుకోవడానికి ఆయన ప్రభుత్వ పెద్దలకు లేఖలు రాయవలసి వచ్చింది. ఆ తెరలు, మంచంతో సహా, లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

నిషేధం ఆపలేని వృత్తిని అనుకరణ దెబ్బతీసింది. థామస్ బెల్ 1783లో పేటెంటు పొందిన రోలర్ ముద్రణ యంత్రం గజాల కొద్దీ బట్టను నిమిషాల్లో అచ్చువేయసాగింది. చిరివేరులోని ప్రధాన రంగు పదార్థమైన అలిజరిన్‌ను 1868–69లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో తయారుచేయడంతో వేరు సాగుకూ గిరాకీ పడిపోయింది. ఈ లోగా 1864 నవంబరు 1న వచ్చిన తుపాను ఉప్పెన మచిలీపట్నాన్ని ముంచెత్తి సుమారు 30 వేల మందిని బలిగొన్నది. అయినా మిహ్రాబు, అంటే మసీదులో ప్రార్థన దిశను సూచించే కమాను, ఆకారంతో చేసిన నమాజు వస్త్రాలకు ఇరాన్‌లో ఉన్న గిరాకీ వృత్తి పూర్తిగా మాసిపోకుండా ఆదుకుంది. ఆ గిరాకీకి తగ్గ వేగం కోసం కలం స్థానంలో టేకుచెక్క అచ్చులు ప్రధానమయ్యాయి. కథాచిత్రాలను కలంతోనే గీసే శ్రీకాళహస్తి సంప్రదాయానికీ బందరు సంప్రదాయానికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే.

ఇరవయ్యో శతాబ్దంలో ప్రభుత్వ సంస్థలూ హస్తకళా ఉద్యమమూ అండగా నిలవడంతో మచిలీపట్నం పక్కనున్న పెడన కేంద్రంగా అద్దకం తిరిగి కుదురుకుంది, రెండు సంప్రదాయాలకూ భౌగోళిక గుర్తింపు లభించింది. ప్రస్తుతం కలంకారీ అన్న పేరుతో అంగళ్లలో దొరికేదాంట్లో చాలా భాగం తెరముద్రణ (స్క్రీన్ ప్రింట్) బట్టే. చెట్టూ నెమలీ అంచూ అన్నీ అవే ఉంటాయి గాని, కరక్కాయా పటికా ఉడుకూ ఉతుకూ ఉండవు. కొనేవారు బొమ్మను చూసి మురిసిపోతే ఈ తేడా తెలియదు. మూడు వందల ఏళ్లలో ఎరుపు నేల తెల్లబడింది, మనుషుల బొమ్మలు పోయి చెట్లు వచ్చాయి, కలం పోయి అచ్చు వచ్చింది, వేరు పోయి అలిజరిన్ వచ్చింది. కొనేవారి అభిరుచితో పాటు నమూనా ఎన్నిసార్లు మారినా, పటిక పట్టించి ఉడికించి ఉతికే పనివరస మారలేదు కనుకనే ఈ బట్ట నిలిచింది. ఇంటికి పదికాలాలపాటు ఉండే వస్తువును ఎంచుకునేటప్పుడు దాని మీది బొమ్మ కంటే ముందు దాని తయారీని విచారించాలన్నదే బందరు అద్దకపు చరిత్ర చెప్పే పాఠం.