పెరటి పూలకు పుట్టిళ్ళెక్కడ?

పల్నాటి ఎండల గురించి కొత్తగా చెప్పాలా? రెంటచింతల పేరు పేపరుకెక్కేదే ఎండల పుణ్యమా అని! వినుకొండ పక్కనున్న మా ఈపూరులోనూ అంతే. పగలంతా కాగిన బండలు పొద్దుగూకినా సెగలు కక్కుతూనే ఉంటాయి. మనం విసనకర్ర పట్టుకుని ఉసూరుమంటుంటే, పెరట్లో మల్లెపొద మాత్రం మొగ్గ మీద మొగ్గ వేసి కులుకుతూ ఉంటుంది. ప్రహరీ నిండా కాగితంపూలు, గుమ్మం పక్కన బిళ్ళగన్నేరు, పొద్దు వాలాక కళ్ళు తెరిచే చంద్రకాంతలు. తోటకూరే వాడి వేలాడే ఎండలో వీటికింత ఓపిక ఎక్కడిదమ్మా అనిపిస్తుంది.

కోడలి సంగతి తెలియాలంటే పుట్టింటి సంగతి అడుగుతాం కదా. ఈ పూలనూ అడిగి చూద్దాం.

చంద్రకాంత పేరు వింటే మన కావ్యాల్లోంచి దిగివచ్చినట్టుంటుంది. దాని పుట్టిల్లు అమెరికా ఖండంలోని వేడి దేశాలు. దేవుడి పేరు పెట్టుకున్న దేవగన్నేరూ ఆ దిక్కునుంచే వచ్చింది. 1492లో కొలంబస్ అటు వెళ్ళిన తర్వాతే ఆ మొక్కలు ఓడలెక్కి ఇటు వచ్చాయి. బిళ్ళగన్నేరుది మడగాస్కర్ దీవి. గేదె కూడా ముట్టని మొక్క అని మనం చిన్నచూపు చూస్తాం గానీ, 1958లో కెనడాలో నోబుల్, బీర్ అనే శాస్త్రజ్ఞులు దాని ఆకుల్లోంచి కాన్సరు మందు తీశారు. ఆ మొక్కలోంచే వచ్చిన మరో మందు పసిపిల్లల రక్తపు కాన్సరుకు వాడుతున్నారు. (మందన్నాం కదా అని ఆకులు నమిలేరు! అది విషపు మొక్క. పిల్లల్ని దూరంగా ఉంచాలి.)

కాగితంపూల కథ మరీ తమాషా. 1766లో ఫ్రాన్సు నుంచి బూగన్‌విల్ అనే నావికుడు ప్రపంచయాత్రకు బయలుదేరాడు. మొక్కలు సేకరించడానికి కొమెర్సన్ అనే పండితుడు వెంట వెళ్ళాడు. ఆయనకు సాయంగా ఓ కుర్రాడు. తీరా చూస్తే ఆ కుర్రాడు కుర్రాడు కాదు, ఝాన్ బారే అనే ఆడమనిషి! ఆడవాళ్ళను ఓడెక్కనివ్వని రోజులు కనక మగవేషం వేసుకుంది. 1767లో బ్రెజిల్ తీరాన కాగితంపూల తీగ వాళ్ళ కంటపడింది. అప్పటికి పండితుడికి కాలి పుండు బాధ. ఎండలో తిరిగి ఆ కొమ్మ కోసుకొచ్చింది ఆవిడే అయివుంటుందని ఇప్పుడు చాలామంది అంటారు. పేరు మాత్రం నావికుడికి దక్కింది. అందుకే అది బోగన్‌విలియా! ప్రపంచం చుట్టివచ్చిన మొదటి మహిళగా ఝాన్ బారేను చరిత్ర ఆలస్యంగా గుర్తించింది. ఆవిడ పేరు ఓ మొక్కకు పెట్టింది 2012లో.

మరి మల్లె? మల్లె మన దేశపు పిల్లే. ఇది అత్తారిళ్ళకు వెళ్ళిన పిల్ల. ఫిలిప్పైన్స్‌లో 1934లో జాతీయ పుష్పమైంది. మన బొండుమల్లె లాంటి ముద్దమల్లె పదిహేడో శతాబ్దంలో గోవా నుంచి ఇటలీలోని టస్కనీ ప్రభువు తోటకు చేరిందట. కొమ్మ బయటికి పోకూడదని ప్రభువు ఆంక్ష పెడితే, తోటమాలి తను మనసుపడ్డ పిల్లకు ఓ రెమ్మ ఇచ్చేశాడట. ఆ పిల్ల దాన్ని బతికించి, మొక్కలు చేసి అమ్ముకుని ఇద్దరూ ఇల్లు కట్టుకున్నారని అక్కడ కథగా చెప్పుకుంటారు. నిజమైనా కాకపోయినా బావుంది కదూ!

పూలు ఎక్కడివైనా నీళ్ళు మనవే పొయ్యాలి. అసలు కష్టం అక్కడే. పల్నాటి రాళ్ళనూ, జొన్నకూటినీ, నీటి కరువునూ ఎగతాళి చేసే చాటువులు శ్రీనాథుడి పేర ఈనాటికీ వినిపిస్తాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ నీళ్ళు పొలాల గతి మార్చాయి. అంతకు ముందు ఇంటి నీళ్ళంటే చేదబావి, ఆడవాళ్ళ నడుములూను. అందుకే మల్లెపొద ఎప్పుడూ జలదారి పక్కనే ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు, చేతులు కడిగిన నీళ్ళు, స్నానాల నీళ్ళు దాని పాలు. తోటల పుస్తకాల్లో లేకపోయినా ఇది మన ఆడవాళ్ళ శాస్త్రమే.

ఈ పెరటి చరిత్రలో ఓ చేదు పేజీ కూడా ఉంది. చలికాలంలో ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, పాదు చేసి నీళ్ళు పోసిన చెయ్యి చాలా ఇళ్ళలో ఓ మేనత్తదో, ఓ ఆడబడుచుదో. మొగ్గలు కోసేదీ ఆవిడే, మాల కట్టేదీ ఆవిడే. తల్లో ఒక్క పువ్వు పెట్టుకునే హక్కు మాత్రం భర్తతోనే పోయేది. 1856లోనే వితంతు వివాహ చట్టం వచ్చినా, మన దగ్గర అది పెళ్ళిపందిరి దాకా రావడానికి పాతికేళ్ళు పట్టింది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు గౌరమ్మ అనే బాలవితంతువుకు గోగులపాటి శ్రీరాములుతో పెళ్ళి చేశారు. ఊరు వెలేసి, నీళ్ళు మోసేవాళ్ళు మానేస్తే, భార్య రాజ్యలక్ష్మమ్మగారు తనే గోదావరి నుంచి బిందెలు మోశారు. మన గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో శారదానికేతనం పెట్టి ఆడపిల్లలకు చదువు చెప్పించారు. ఇవాళ ఓ వితంతువు తల్లో మల్లెచెండు కనిపిస్తే దాని వెనక ఆ బిందెల బరువుంది. అయినా కొన్ని పేరంటాల్లో ఇంకా పూలపళ్ళెం కొందరి ముందు ఆగకుండా వెళ్ళిపోతుంది. మనం చూస్తూ ఊరుకుంటాం.

పెరళ్ళు తగ్గిపోయి నేలంతా సిమెంటయిన రోజులివి. అయినా మల్లెకు పెద్ద చోటక్కర్లేదు, ఎండ తగిలే మూల ఓ కుండీ చాలు. వానలు పడగానే ఓ కొమ్మ వంచి మట్టిలో తొక్కిపెట్టి, పైన రాయి పెట్టండి. వేళ్ళు పోసుకున్నాక కోసి పక్కింటికివ్వండి. మల్లెలు తల్లో పెట్టుకోవడం ఎప్పుడో మానేసిన ఓ పిన్నిగారు ఆ వీధిలోనే ఉంటే, మొదటి కొమ్మ ఆవిడకే ఇవ్వండి. వేసవికి మొగ్గ తొడిగాక ఓ మూర మాల కట్టి, "మీ చెట్టువే పిన్నిగారూ, పెట్టుకోండి" అనడానికి సందేహించకండి.