పట్టికలలో తెలుగు

కలకడను గూర్చి తెలిసికొనగోరిన విద్యార్థి తెలుగు వికీపీడియాలో ఆ పేరు వ్రాసి వెదకినచో క్షణములో పుట ఎదుట నిలుచును. ఆ పుటలోని పాఠమంతయు ఒక డేటాబేసులో, అనగా అడ్డువరుసలు, నిలువు గడులు గల పట్టికలలో, భద్రపరుపబడి ఉన్నది.

ఈ పద్ధతి మన పాఠశాలలకు కొత్తది కాదు. ప్రవేశ రిజిస్టరులో ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క వరుస; మార్కుల రిజిస్టరు వేరు. రెండింటిని కలుపునది ప్రవేశ సంఖ్య. పట్టికలను ఇట్లు సంబంధములతో కలుపవచ్చునని 1970లో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేయుచుండిన ఎడ్గర్ కాడ్ గణితరీత్యా నిరూపించినాడు.

అయితే అట్టి సాఫ్టువేరు చాలకాలము పెద్ద సంస్థలకే అందుబాటులో ఉండినది. 1995లో స్వీడనులో మైఖేల్ విడేనియస్, డేవిడ్ ఆక్స్‌మార్క్ మొదలైనవారు 'మైఎస్‌క్యూఎల్' అను డేటాబేసును వెలువరించిరి. 2000లో దాని మూలరచనను ఎవరైనను చదువుటకు, మార్చుటకు, ఇతరులకు పంచుటకు వీలు కలిగినది.

2001లో వికీపీడియా ఆరంభమైనప్పుడు ప్రతి పుటయు ఒక విడి ఫైలు. ఒక పుటను ఏయే ఇతర పుటలు పేర్కొనుచున్నవో తెలియవలెనన్న ఫైళ్ళన్నియు గాలింపవలసి వచ్చును. పుటలు పెరిగినకొలది పని మందగించినది. అప్పుడు జర్మనీలోని కొలోన్ విద్యార్థి మాగ్నస్ మాన్‌స్కే, ఎవరి ఉత్తరువు లేకయే, మైఎస్‌క్యూఎల్ ఆధారముగా కొత్త సాఫ్టువేరు వ్రాసినాడు. 2002 జనవరిలో ఆంగ్ల వికీపీడియా దానికి మారినది. ఆ ఇంటి పనియే క్రమముగా తిరుగవ్రాయబడి 'మీడియావికీ' అయినది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైనది దీనిమీదనే.

ఇక్కడ ఒక చిక్కు కలదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును; తెలుగు సంకేతమునకు మూడు కావలెను. 'కలకడ'లో నాలుగు సంకేతములు, అనగా 12 బైట్లు. ఆనాటి మైఎస్‌క్యూఎల్‌కు యూనికోడు తెలియదు. 2004లో వెలువడిన 4.1 కూర్పులోనే అది చేరినది. అయినను మీడియావికీ ఆ బైట్లను అర్థము విచారింపక యథాతథముగా దాచి, యథాతథముగా తిరిగి ఇచ్చెడిది. అందువలన తెలుగు చెదరలేదు.

2008లో మైఎస్‌క్యూఎల్‌ను సన్ సంస్థ కొన్నది. 2010లో సన్ ఒరాకిల్ వశమైనది. డేటాబేసు భవిష్యత్తును గూర్చి పలువురు శంకించిరి. కాని మూలరచన బహిరంగమగుటచే విడేనియస్ 2009లోనే దానినుండి 'మరియాడీబీ'ని చీల్చి నడిపినాడు. 2013లో వికీపీడియా దానికి మారినది. యజమాని మారినను పట్టికలు బందీ కాలేదు.

నేడు ఏ పాఠశాలలోనైనను ఒక ఉపాధ్యాయుడు ఉచితమైన 'ఎస్‌క్యూలైట్'తో గ్రంథాలయమునకు పుస్తకముల పట్టిక ఒకటి, ఎరువు పట్టిక ఒకటి నిర్మింపవచ్చును. రెండింటిని కలుపుటకు పుస్తక సంఖ్య చాలును. అయితే ప్రతులు తీసి వేరుచోట దాచుట మరువరాదు. చెదలు పట్టని రిజిస్టరుకు సయితము డిస్కు చెడిపోవు ప్రమాదము కలదు.