బంగాళాఖాతపు ఆమ్లజని కనిష్ఠ మండలం

బంగాళాఖాతంలో సుమారు 100 మీటర్ల లోతు నుండి కొన్ని వందల మీటర్ల లోతు వరకు, నీటిలో కరిగివున్న ఆమ్లజని, అనగా ఆక్సిజన్, దాదాపు శూన్యానికి పడిపోయే పొరను ఆమ్లజని కనిష్ఠ మండలం అంటారు. ఇటువంటి పెద్ద మండలాలు అరేబియా సముద్రంలోను, పసిఫిక్ మహాసముద్రపు తూర్పు ఉష్ణమండల భాగంలోను కూడా ఉన్నాయి.

పోషకాల చక్రం

సూర్యరశ్మి సోకే పై పొరలో వృక్షప్లవకాలు కిరణజన్య సంయోగక్రియ ద్వారా పెరుగుతాయి. అవి కర్బనం, నత్రజని, భాస్వరాలను సగటున 106:16:1 పరమాణు నిష్పత్తిలో ఇముడ్చుకుంటాయి. ఇటువంటి నిలకడైన నిష్పత్తి ఉన్నదని 1934లో సూచించిన అమెరికా శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ పేరిట దీనిని రెడ్‌ఫీల్డ్ నిష్పత్తి అంటారు. చనిపోయిన ప్లవకాలు, జంతువుల విసర్జనలు క్రిందికి జారుతుండగా బాక్టీరియా వాటిని కుళ్ళజేసి, పోషకాలను తిరిగి నీటిలోకి విడుదల చేస్తాయి. ఈ క్రియకు ఆమ్లజని ఖర్చవుతుంది. చీకటి పొరలలో ఖర్చే గాని ఉత్పత్తి లేదు.

ఏర్పడటానికి కారణాలు

గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ మొదలైన నదుల మంచినీరు ఉప్పునీటికంటే తేలిక కనుక పైన పరచుకొని మూతవలె పనిచేస్తుంది. అందువలన గాలిలోని ఆమ్లజని లోతులకు సులభంగా చేరదు. అదే మూత క్రింది పోషకాలను పైకి రానీయదు. పైగా ఉత్తర దిక్కున భూభాగం ఉండుటచే, అటునుండి ఆమ్లజని నిండిన చల్లని నీరు వచ్చే మార్గం లేదు.

నత్రజని నష్టం

ఆమ్లజని అడుగంటినచోట కొన్ని బాక్టీరియాలు నైట్రేటులోని ఆమ్లజనిని వాడుకొని, చివరకు నత్రజని వాయువును విడుదల చేస్తాయి. దీనిని వినత్రీకరణం అంటారు. ఆ వాయువు అధిక సంఖ్యాక జీవులకు పనికిరాదు కనుక సముద్రం తన ఎరువును కోల్పోయినట్లే. మధ్యలో ఏర్పడే నైట్రస్ ఆక్సైడు భూమిని వేడెక్కించే వాయువు.

అరేబియా సముద్రంలో ఈ నష్టం పెద్ద ఎత్తున జరుగుతుంది. బంగాళాఖాతంలో మాత్రం స్వల్పం. 2017లో ప్రచురితమైన పరిశోధన ప్రకారం ఇక్కడి నీటిలో లీటరుకు 10 నుండి 200 నానోమోల్‌ల ఆమ్లజని మిగిలివుంది. ఈ లేశమాత్రపు ఆమ్లజనితోనే కొన్ని బాక్టీరియాలు నైట్రైటును తిరిగి నైట్రేటుగా మారుస్తున్నందున, నత్రజని వాయువు తయారీకి నైట్రైటు చాలినంత మిగలదు.

ప్రాముఖ్యత

1960 తరువాతి అర్ధశతాబ్దంలో ప్రపంచ సముద్రాలు తమ ఆమ్లజనిలో సుమారు 2 శాతం కోల్పోయాయి. వేడి నీటిలో ఆమ్లజని తక్కువగా కరుగుతుంది. పొలాల ఎరువులు నదుల ద్వారా చేరితే ప్లవకాలు, వాటితోపాటు కుళ్ళే పదార్థం పెరుగుతాయి. మిగిలిన ఆ లేశం కూడా హరించుకుపోతే బంగాళాఖాతం సైతం పెద్ద నత్రజని నష్ట కేంద్రం కాగలదు. ఆమ్లజని లేని పొర పైకి విస్తరిస్తే చేపలు నివసించే పొర పలుచబడుతుంది. కనుక తీరంలోని మత్స్యకారుల జీవనోపాధికి కూడా ఇది సంబంధించిన విషయమే.

ఇవి కూడా చూడండి

బంగాళాఖాతం
నత్రజని వలయం
వృక్షప్లవకాలు